వంతెన ప్లానులో లేని గది

నోఎమీ మా ఆయన చెల్లెలు. మా సరిహద్దు ఊరు న్యూవో లారెడోలో మేమిద్దరం లారీలు నడిపేవాళ్ళం. ఫ్యాక్టరీ సరుకున్న కంటైనరు పెట్టెను ఇక్కడ లారీకి తగిలించుకుని, బ్రావో నది వంతెన దాటించి, అవతలి దేశపు గోదాములో వదిలి రావాలి. చెప్పుకోవడానికి నది దాటడమే, కానీ వంతెన ముందు క్యూలోనే సగం రోజు పోతుంది. మధ్యలో దిగడానికి లేదు. డ్రైవరు కాస్త పక్కకు వెళ్ళినా సీలు వేసిన పెట్టెలో ఏదో దాచారని అనుమానం, మళ్ళీ మొదటి నుంచీ సోదా. మగవాళ్ళకు ఖాళీ సీసా ఉంది. మాకేముంది? కొందరం డైపర్లు కట్టుకునేవాళ్ళం. నోఎమీ మాత్రం నీళ్ళు తాగడమే మానేసింది. ఆ ఎండలో, ఇంజను వేడి పక్కన, ఏళ్ళ తరబడి.

మూడేళ్ళ కిందట వేసవిలో స్టీరింగు మీదే వాలిపోయింది. ఒక కిడ్నీ దాదాపు పాడైందన్నాడు డాక్టరు.

"బాగా నీళ్ళు తాగు. వచ్చినప్పుడల్లా వెళ్ళు. లేకపోతే రెండోదీ పోతుంది."

"ఎక్కడికి వెళ్ళను సార్?" అంటే ఆయన నవ్వాడు. నాకైతే ఆయన చెంప పగలగొట్టాలనిపించింది.

ఆ రోజుల్లోనే కొత్త వంతెన గురించి జనం మాట వింటామని మమ్మల్ని ఒక హోటలుకు పిలిచారు. చల్లటి హాలు, కాఫీ, గోడంతా తెర. తెర మీద బొమ్మ లారీలు ఎక్కడా ఆగకుండా జారిపోతున్నాయి. అవకాడో పళ్ళకు చల్లటి షెడ్డు పెట్టారు. సోదా కుక్కలకు ఏసీ గది పెట్టారు. నోఎమీ లేచి, మరుగుదొడ్డి ఎక్కడ అని అడిగింది.

"బయటికెళ్ళి ఎడమ పక్కకు తిరగండమ్మా," అన్నాడు ఇంజనీరు.

"ఇక్కడ కాదు బాబూ, అక్కడ," అని తెర వైపు చూపించింది.

"మా ప్లానులో క్యూ ఉండదమ్మా. పావుగంటలో దాటేస్తారు. క్యూయే లేనప్పుడు దాని అవసరమేముంది?"

"ఒకవేళ వస్తే?"

"రాదమ్మా. అందుకేగా కడుతున్నది."

"నీ లెక్కలో క్యూ రాదు, సరే. నాకు ఉచ్చ కూడా రాదా?"

హాలంతా గొల్లుమంది. ఇంజనీరు మొహం కందిపోయింది. రాసుకుంటాం అన్నాడు. ఏం రాసుకున్నాడో వాడికే తెలియాలి, ప్లానులో గీత కూడా మారలేదు.

ఈ ఏడాది వంతెన పూర్తయింది. ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల కోసం మాత్రం నాలుగు ప్లాస్టిక్ మరుగుదొడ్లు అద్దెకు తెప్పించారు. వాళ్ళకు రావచ్చు కదా మరి! వాటిని తెచ్చి, సాయంత్రం వెనక్కి చేర్చే కిరాయి మా యజమాని దోన్ కసిమీరోకి దక్కింది. ఆయన పంపింది ఎవర్ని? నోఎమీని, తోడుగా నన్ను.

రిబ్బను కత్తిరించిన కాసేపటికే లారీలను వదిలారు. సాయంత్రం మేము వెనక్కి బయల్దేరేసరికి క్యూ పెద్ద రోడ్డు దాకా పాకింది. నోఎమీ ఆ పక్కనే బండి ఆపింది.

"వదినా, తాళ్ళు విప్పు."

"పిచ్చెక్కిందా నీకు? ఉద్యోగం పోతుందే!"

"పోతే పోనీ. ముందు దించు."

దించాం. చూసి మగ డ్రైవర్లు కూడా వచ్చి చెయ్యి వేశారు. ఒకరి బండికి ఒకరం కాపలా కాస్తూ ఆడవాళ్ళం వంతులవారీగా వెళ్ళొచ్చాం. నాకంటే పెద్దావిడ ఒకామె బయటికొచ్చి తలుపు పట్టుకుని ఏడ్చేసింది.

తెల్లారేసరికి రెండు పోలీసు బండ్లు, ఒక క్రేను. ఇన్నేళ్ళలో మా క్యూ దగ్గరికి ప్రభుత్వం అంత తొందరగా రావడం అదే మొదటిసారి. నాలుగింటినీ ఎత్తుకుపోయారు.

బండి నడిపింది నోఎమీ కాబట్టి వేటు దానిమీదే పడింది.

"పెద్దల ముందు నా పరువు తీశావు. తాళాలిచ్చెయ్," అన్నాడు దోన్ కసిమీరో.

తాళాలు బల్ల మీద విసిరికొట్టింది. "తీసుకో. నీ పరువుకి ఉచ్చ రాదుగా, ఇక దాన్నే తోలమను."

ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటోంది. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతోంది. కిడ్నీ కుదుటపడుతోందని డాక్టరు తెగ సంతోషపడ్డాడు. ఒక ఆడది నీళ్ళు తాగడానికి ఉద్యోగం పోగొట్టుకోవాల్సి వచ్చింది, దానికి ఈయన సంతోషం!

నాకు ఇంకా ఉద్యోగం ఉంది. ఇప్పుడు కొత్త వంతెన క్యూలోనే ఉన్నాను. పొద్దుటి నుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు.