కొండ కట్టిన తలపాగా

మా ఊళ్ళో చైత్రమాసపు వాతావరణాన్ని నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. పొద్దున ఎనిమిదింటిదాకా మంచు, మధ్యాహ్నం అరికాళ్ళు బొబ్బలెక్కే ఎండ. ఆ తర్వాత అందరి చూపూ పడమటి కొండ మీదే. కొండ నెత్తిన తెల్లటి మబ్బు చుట్టుకుంటే ‘తలపాగా కట్టింది’ అంటారు. ఇక రెండు గంటల్లో గాలీ, వడగళ్ళూ. విశాఖ మన్యం కొండల కింద పసుపు పండించేవాళ్ళకి అంతకుమించిన పంచాంగం లేదు.

ఆ కొండని చూసి పెరిగిన నేను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో జావా నేర్చుకునేదాన్ని. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఆకాశం కనిపించేదే కాదు. కనిపించినా తలెత్తే తీరిక ఎవరికుంది?

అన్నయ్య ప్రతి ఆదివారం ఊరి ఎస్.టి.డి. బూత్ నుంచి హాస్టల్‌కి ఫోన్ చేసేవాడు. కంప్యూటర్లో వాతావరణం కూడా చూడొచ్చని ఒకసారి గొప్పలు పోయాను. అదే కొంప ముంచింది. ఆ వేసవి మొదట్లో, వారం మధ్యలో, పొద్దున్నే ఫోన్ చేశాడు. పసుపు కొమ్ములు ఉడకబెట్టి కళ్ళంలో పోశామని, ఇంకో నాలుగు రోజులు ఎండితే గట్టెక్కినట్టేనని చెప్పాడు.

“వానొస్తాదో రాదో నీ కంప్యూటర్లో సూసి సెప్పమ్మా. మజ్జానం మళ్ళీ సేస్తాను” అన్నాడు.

క్లాసయ్యాక నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. నడిపే అతను తలెత్తకుండానే, “జర ఆగు అక్కా, మస్తు మంది ఉన్నరు” అన్నాడు. పావుగంట నిలబడ్డాను. సాయంత్రం పంజాగుట్టలో ఒక కంపెనీ రాతపరీక్ష ఉంది, చదవాల్సింది బోలెడుంది. బయటికొచ్చి పైకి చూశాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. అమీర్‌పేట ఎండని చూసి మన్యానికి జోస్యం చెప్పొచ్చనుకున్న తెలివి నాది.

“చూశానన్నయ్యా, నాలుగు రోజులు చుక్క కూడా పడదు” అన్నాను ఫోనులో. నిజంగా చూసినా కంప్యూటర్లో విశాఖపట్నం ఎండే కనిపించేదేమో. కానీ ‘చూడటం కుదర్లేదన్నయ్యా’ అనడానికి నోరెందుకు రాలేదు? ఆ ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆ సాయంత్రమే వడగళ్ళవాన. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అలా అయింది అన్నయ్య పని. తడిసిన కొమ్ములు నల్లబడి బూజుపట్టాయి. ఆదివారం ఆ సంగతి రెండు ముక్కల్లో చెప్పి, పరీక్ష ఎలా రాశావని అడిగాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. కంప్యూటర్లు ఒక్కోసారి తప్పు చెప్తాయన్నాను. “మన కొండ సంగతి దానికేటి తెలుస్తాది” అని నా అబద్ధాన్నే వెనకేసుకొచ్చాడు. పరీక్ష కూడా పోయింది, అది వేరే సంగతి.

తర్వాత ఊరెళ్ళినప్పుడు కళ్ళం ఊడుస్తూ వదిన మాటల మధ్యలో చెప్పింది. ఆ మధ్యాహ్నం కొండ తలపాగా కట్టిందట. కూలీలు కొమ్ములు ఎత్తేద్దామని గంపలు కూడా తెచ్చారట. అన్నయ్యే ఆపాడట.

“‘మా సెల్లి సూసి సెప్పింది, దింపండి గంపలు’ అన్నాడు మీ అన్నయ్య. ఆ పూటంతా కొండకేసి ఒక్కసారి కూడా సూళ్ళేదు” అంది.