తడిపిన గుడ్డ

మా పెదనాన్న అట్లాంటిక్ దాటే పెద్ద ఓడలో, భోజనాల హాల్లో వడ్డించేవాడు. పని మానుకొని పులికాట్ పక్కన మా ఊరికి వచ్చేశాక కూడా ఆయన మొహం ఆ ఓడదే.

"సముద్రం రేగిందంటే బల్లమీది గుడ్డని తడిపేస్తాం అమ్మా, ప్లేట్లు జారకుండా. అప్పుడే మేం బాగా నవ్వాల. జనం అలల్ని చూడరు, మా మొహాలు చూస్తారు," అనేవాడు.

మామూలు రోజుల్లో మహా చిటపటలాడేవాడు. పులుసులో ఉప్పు తగ్గిందని, కుక్క మొరిగిందని ఒకటే గొణుగుడు. ఆ గొణుగుడు వినబడుతున్నంతసేపూ మాకు నిశ్చింత. ఆయన నవ్వితేనే గుండె జారేది. నాయనమ్మ ఇక బతకదని డాక్టరు చెప్పిన రోజు, ఆమె గదిలోంచి నవ్వుతూ బయటికొచ్చాడు. ఆ నవ్వు దయో అబద్ధమో నాకు ఇప్పటికీ తేలలేదు.

గాలివాన వెలిసిన మర్నాడు ఎండ ఫెళ్ళున కాస్తోంది. నాన్న వేటకెళ్ళిన బోటు ఇంకా రాలేదు. పెదనాన్న రేవు నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. బల్లమీద దుప్పటి పరిచాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి దానిమీద చిలకరించి, కంచాలు పెట్టాడు. నవ్వుతున్నాడు.

"ఏం లేదులేమ్మా. ముందు అన్నం తినండి."

అమ్మ కంచం వైపు చూడలేదు. ఆ తడిగుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

"ఒట్టి బోటే దొరికినాదా బావా?"

పెదనాన్న కదలని బల్లమీద కంచాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు, నవ్వుతూనే.