ఎడమకి ఐదు, కుడికి ఏడు

టైపిస్టమ్మ పెళ్ళికి ముందు చెప్పుల దుకాణం గడప తొక్కిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మూడేళ్ళప్పుడు వచ్చిన జ్వరం ఆమె ఎడమ పాదం ఎదుగుదలని మధ్యలో ఆపేసింది. కుడిది ఏడో నంబరు, ఎడమది ఐదు. చిన్నప్పుడు తల్లి ఏడో నంబరు జోడు కొని, ఎడమదాంట్లో గుడ్డపీలికలు కుక్కి బడికి పంపేది. పెద్దయ్యాక ఆ పీలికలు తనే కుక్కుకునేది. బల్లకింద ఎడమకాలిని కుడికాలి వెనక దాచుకుని కూర్చోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా అలాగే కూర్చునేది.

ఇరవై ఆరో ఏట ఆఫీసు నుంచి వస్తుంటే చెప్పు తెగింది. పక్కసందులో చెప్పులు కుట్టే మేస్త్రి దగ్గరికి వెళ్ళక తప్పలేదు. తెగినదాన్ని కుట్టడానికి తీసుకుని, రెండోదాంట్లో ఉన్న పీలికలు కూడా చూశాడాయన. నేలమీద రెండు కాగితాలు పరిచి, "ఇలా వచ్చి నిలబడండి" అని, పాదాల చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు.

"రెండూ ఒకలా ఉండవు" అంది ఆమె తల వంచుకుని.

"ఎవరివీ ఒకలా ఉండవండి. కొలిచేవాళ్ళు ఒక కాలు కొలిచి ఊరుకుంటారు, అందుకే బయటపడదు."

వారం తరవాత ఆయన కుట్టిన జోడు తొడుక్కుని గుమ్మందాకా నడిచింది. వెనక్కొచ్చి మళ్ళీ నడిచింది. ఆ రోజునుంచి చుట్టుతిరుగుడైనా ఆ సందులోంచే ఇంటికి వెళ్ళేది. కష్టమల్లా ఏమిటంటే, చెప్పులు గట్టివి. ఎంత నడిచినా తెగవు, లోపలికి వెళ్ళడానికి సాకు దొరకదు. ఆరు నెలలు చూసి చూసి మేస్త్రే, "ఇంకో జత కుట్టనా, లేక పెళ్ళి చేసుకుందామా?" అన్నాడని ఆడపడుచు ఇప్పటికీ చెబుతుంది. నేనలా అననే లేదంటాడాయన. టైపిస్టమ్మ నవ్వి ఊరుకుంటుంది.

పంతొమ్మిదేళ్ళు గడిచాయి. ఆమె పనిచేసే ఆఫీసు మూతపడింది. టైపు మిషన్లు ఎప్పుడో పోయినా ఆ పేరు మాత్రం ఆమెకి అతుక్కుపోయింది. మేస్త్రి సందులో ఈగలు తోలుకుంటున్నాడు. రెడీమేడ్ బూట్లు వచ్చాక కుట్టించుకునేవాళ్ళు తగ్గారు, అతికించుకునేవాళ్ళే మిగిలారు. ఆయన చేతుల్లోని పనితనమంతా మడమలకి మేకులు కొట్టడానికే సరిపోతోంది.

"నాలాంటి కాళ్ళవాళ్ళు ఎక్కడో ఉంటారు కదండీ" అంది ఆమె ఒక ఉదయం.

"ఊరికొకరుంటారేమో. ఆ ఒక్కరూ మన సందుకెలా వస్తారు?"

"వాళ్ళు రానక్కర్లేదు. మన సందే వాళ్ళ ఫోన్లోకి వెళ్తుంది."

అలా మొదలైంది ఆన్‌లైన్ దుకాణం. నెలకింతని కడితే దుకాణం పేజీ అమర్చిపెట్టే కంపెనీ ఒకటి చూసుకుని, పాత కంప్యూటరు ముందు కూర్చుంది. పేరు పెట్టింది, రంగులు ఎంచుకుంది, ఒక్కో జోడు గురించి నాలుగు వాక్యాలు రాసింది. సైజు దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. కంపెనీ ఇచ్చిన పేజీలో సైజుకి ఒకే గడి ఉంది. కంపెనీకి ఫోన్ చేసింది.

"మేడం, జత అంటే రెండూ ఒకే సైజు కదా" అంది అవతలి అమ్మాయి.

"కాదమ్మా" అంది టైపిస్టమ్మ. ఆ మాట అన్నాక తనకే కొత్తగా అనిపించింది. చిన్నప్పటినుంచి అందరూ ఆ మాటే అంటుంటే, ఎన్నడూ కాదనలేదు.

అవతలి అమ్మాయి ఓపికస్తురాలు. ఇద్దరూ గంటసేపు తంటాలు పడ్డారు. సాయంత్రానికి పేజీలో ఒకే బూటు బొమ్మ కింద రెండు గడులు వచ్చాయి: ఎడమకాలి సైజు, కుడికాలి సైజు. టైపిస్టమ్మ ఫోన్లో ఆ పేజీ తెరిచి, ఎడమకి ఐదు నొక్కింది, కుడికి ఏడు నొక్కింది. పేజీ నోరెత్తకుండా ఒప్పుకుంది. ఆమె ఫోన్‌ని చాలాసేపు అలాగే పట్టుకు కూర్చుంది.

ఫొటోలు తీయడానికి ఆడపడుచు వచ్చింది. ఆమెకి ఫొటో స్టూడియోలో పని.

"ఖాళీ చెప్పులు తీస్తే ఏం తెలుస్తుంది వదినా? నువ్వు తొడుక్కుని నిలబడు."

"నా కాళ్ళెందుకమ్మా, నీవి పెట్టు."

ఆడపడుచు పెట్టింది. ఒక కాలు లోపల ఈదులాడింది, రెండో మడమ బయటికి తొంగిచూసింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ అలిసిపోయి, చివరికి ఖాళీ చెప్పులనే బల్లమీద పెట్టి తీశారు.

దుకాణం తెరిచిన మూడు వారాలదాకా అలికిడి లేదు. ఒకరోజు టైపిస్టమ్మ లెక్కల పేజీ చూసి, "నిన్న పదిహేడు మంది వచ్చారు" అని సంబరపడింది.

"అందులో పదహారుసార్లు నేనే వదినా" అంది ఆడపడుచు. "బొమ్మలు సరిగ్గా వచ్చాయో లేదో చూశాను."

ఆ పదిహేడో మనిషే మర్నాడు ఆర్డరు పెట్టాడు. హోటల్లో వడ్డించే పని, యాభై దాటిన మనిషి, రోజంతా నిలబడి తిరగాలి. నల్లబూట్లు కావాలన్నాడు. తన నంబర్లు తెలియక సైజు గడులు వదిలేసి, పేజీలో ఆమె రాసినట్టే రెండు పాదాలూ కాగితాల మీద గీసి, ఫొటో తీసి పంపాడు. మేస్త్రి వారంపాటు ఆ ఒక్క జత మీదే కూర్చున్నాడు.

బూట్లు చేరిన పదిరోజులకి టైపిస్టమ్మ, సరిపోయాయా అని మెసేజ్ పెట్టింది. "చాలా బాగున్నాయండి, థాంక్స్" అని జవాబొచ్చింది. మేస్త్రికి చదివి వినిపించింది, ఆయన మొహం వెలిగింది. కానీ ఆమెకే ఎక్కడో గుచ్చుకుంది. అది నడిచిన మనిషి రాసిన మాటలా లేదు. ఫోన్ చేసింది.

"బూట్లు తొడుక్కుంటున్నారా అండీ?"

ఆయన గిన్నెల చప్పుడుకి దూరంగా జరిగి చెప్పాడు. "కాళ్ళకి ఎక్కలేదండి. పెట్టెలో దాచుకున్నాను."

"మరి బాగున్నాయని రాశారు?"

"చూడ్డానికి బాగున్నాయిగా. ఒకాయన ఎవరో కూర్చుని నా రెండు కాళ్ళకీ రెండు కొలతలు పెట్టి కుట్టారు. అదే గొప్ప అనుకున్నా. అయినా తేడా నా కాళ్ళలో ఉంది, మళ్ళీ మీకెందుకు శ్రమ?"

ఆ మాట టైపిస్టమ్మ లోపలినుంచి ఎవరో తీసి ఆయన నోట్లో పెట్టినట్టుంది.

"తేడా మీ కాళ్ళలో లేదండి. నాకు ఎడమకి ఐదు, కుడికి ఏడు."

ముక్కూమొహం తెలియని మనిషికి ఆ సంగతి చెప్పడం ఆమె జీవితంలో అదే మొదలు. "మీకూనా అండీ?" అన్నాడాయన, ఎప్పుడో తప్పిపోయిన చుట్టం కనబడినట్టు.

ఫోన్ పెట్టేసి, ఆయన పంపిన ఫొటో మళ్ళీ తెరిచింది. కాగితాల పక్కన కుర్చీ, కుర్చీ మీద వార్తాపత్రిక. అందులో అక్షరాలు తిరగబడి ఉన్నాయి. మన మొహం మనం తీసుకునే ముందువైపు కెమెరాతో తీసినట్టున్నాడు, అద్దంలోలాగా ఎడమ కుడై, కుడి ఎడమైంది. పెద్ద పాదానికి చిన్న బూటు వెళ్ళింది. "గీసిన అసలు కాగితమే నా చేతికొస్తే ఇలా జరగదు" అని సణిగాడు మేస్త్రి, సణుగుతూనే కొత్త తోలు కోయడం మొదలుపెట్టాడు. ఆమె పేజీలో ఒక వాక్యం చేర్చింది: ఏ కాగితం మీద ఏ కాలో, పెద్ద అక్షరాలతో రాయండి.

రెండో జత చేరిన సాయంత్రమే వీడియో వచ్చింది. చేతుల్లో పళ్ళేలు, నల్లబూట్లు, వంటగది నుంచి హాల్లోకి ఒకాయన నడుస్తున్నాడు. మొహం కనబడలేదు, నడకే కనబడింది. మేస్త్రి దాన్ని నాలుగుసార్లు చూసి, పనుందని చెప్పి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

టైపిస్టమ్మ మర్నాడు స్టూడియోకి వెళ్ళింది. "నా కాళ్ళే తియ్యమ్మా" అంది.

ఆడపడుచు దీపాలు సర్ది, నేలమీద మోకరిల్లి, "వేళ్ళు కాస్త వదులుగా పెట్టు వదినా" అని మాత్రం అంది. తీసిన ఫొటో మేస్త్రికి చూపిస్తే, దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎడమ పట్టీ కొంచెం వాలింది, నువ్వు చెప్పనే లేదు" అన్నాడు. ఆయనకి అందులో కనబడింది అదొక్కటే.

ఆ ఫొటో మొదటి పేజీలోకి ఎక్కాక మాటలు రావడం మొదలైంది. ఆర్డర్లకంటే మాటలే ఎక్కువ. ఒకావిడ తన పెళ్ళి ఫొటోలో కాళ్ళు కత్తిరించేయించానని రాసింది. ఒక తండ్రి కూతురి పాదాలు గీసి, పక్కన ఆ పిల్ల గీసిన పిల్లిబొమ్మతో సహా పంపాడు. రోజూ పొద్దున ఒక్కొక్కరికీ జవాబు రాయడం, మేస్త్రికి కొలతలు చదివి వినిపించడం, పెట్టె మూసేముందు జోడుని కాగితం మీద ఆనించి మరోసారి సరిచూడడం టైపిస్టమ్మ ఉద్యోగమైపోయింది. మేస్త్రికి తల ఎత్తే తీరిక లేదు.

మొన్న ఒక ఉత్తరం వచ్చింది. "నాకు కుడికాలు మాత్రమే ఉంది. ఒక్క చెప్పు అమ్ముతారా? ఎక్కడా అమ్మరు. ఇంట్లో వాడని ఎడమ చెప్పులు పదకొండు ఉన్నాయి."

అమ్ముతామని వెంటనే రాసింది. తరవాత పేజీ తెరిచి, సైజుల వరసలో కాలు లేని వైపు కోసం ఇంకో మాట చేర్చడానికి కూర్చుంది. ఏమని రాయాలి? 'లేదు' అని రాసింది, మనసొప్పలేదు, చెరిపేసింది. 'సున్నా' అంటే పరీక్ష తప్పినట్టుంది. మధ్యాహ్నందాకా రాస్తూ చెరుపుతూ ఉంది. అన్నానికి పిలవడానికి వచ్చిన మేస్త్రి వెనక నిలబడి తెర వంక చూశాడు.

"దుకాణానికి వచ్చిన మనిషి ఏమంటాడో అదే రాయి" అన్నాడు. "ఇటువైపుది వద్దండీ అంటాడు. మనం సరే అంటాం."

ఆమె 'ఈ వైపు వద్దు' అని రాసింది, సేవ్ నొక్కింది. అన్నానికి లేచింది.