కొండ మానని ఆర్డిస్

అమెరికాలోని ఐడహో కొండల్లో కంచర గాడిదల మీద వేటగాళ్ల సామాను చేరవేసే ఆర్డిస్‌కు అరవై ఏడేళ్లు. కిందటేడు లోయలో జారిపడి కాలు విరిగింది. వాకీటాకీలో తమ్ముడు లైల్‌తో మాట్లాడింది గానీ, తానెక్కడుందో చెప్పలేకపోయింది. వెతకడానికి ఆరుగంటలు పట్టింది.

"ఇక చాలక్కా, ఇంటిపట్టున ఉండు," అన్నాడు లైల్.

కాలు నయం కాగానే ఆమె అతన్ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్లింది. కొట్టతను టచ్ స్క్రీన్ జీపీఎస్ చూపించాడు. తోలు గ్లౌజులతోనే నొక్కి చూసింది. అది పలకలేదు.

"మంచులో గ్లౌజులు తీస్తే, పోయిన వేళ్లు నువ్విస్తావా? బటన్లున్నది తియ్యి."

"ఈ వయసులో మీకెందుకమ్మా ఇవన్నీ?"

"నేనడిగింది బటన్లు. నా వయసు కాదు."

చివరికి వాకీటాకీ కలిసున్న బటన్ల జీపీఎస్ ఎంచుకుంది. దాంట్లో మాట్లాడితే, మనమున్న చోటు అవతలివాళ్ల మ్యాపులో చుక్కలా కనిపిస్తుంది. రెండు కొని, ఒకటి లైల్ చేతిలో పెట్టింది.

"పడితే నేరుగా వచ్చెయ్. పడకముందే మాత్రం రాకు."

అక్టోబరులో ఆరు గాడిదలతో కొండెక్కింది. కింద గుడారంలో లైల్ బటన్ నొక్కాడు.

"అక్కా, మంచు పడుతోంది, తిరిగొచ్చెయ్!"

"చుక్క కదులుతోందా?"

"కదులుతోంది."

"అయితే నోరు మూసుకుని చూస్తుండు."