గోడకెక్కని రెండో కాగితం

మొన్న కళ్ళు చూపించుకుందామని మొయినాబాద్‌లో కొత్తగా తెరిచిన దవాఖానకు వెళ్ళినప్పుడు, టోకెన్ చేత పట్టుకుని నేను కూర్చున్న కుర్చీకి ఎదురుగా, సరిగ్గా మనిషి ముఖమంత ఎత్తులో, అద్దం బిగించిన చట్రంలో 'రోగుల హక్కులు' అని పెద్ద అక్షరాలతో ఒక పట్టిక వేలాడుతూ కనిపించింది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన కాలంలో దవాఖాన గోడ మీద పెదాలపై వేలు పెట్టుకున్న నర్సమ్మ బొమ్మ ఒక్కటే ఉండేది, నోరు మూసుకోవడమొక్కటే మనకున్న హక్కు అన్నట్టు. ఇప్పుడేమో జబ్బు ఏమిటో తెలుసుకునే హక్కు, మనం ఒప్పుకోనిదే మన ఒంటి మీద కత్తి పెట్టనివ్వని హక్కు, మన కాగితాలు మనం అడిగి తీసుకునే హక్కు అని వరుసగా రాసి, అడుగున ఫిర్యాదులు వినే మనిషి ఫోను నంబరు కూడా వేశారు. అందరూ ఫోనుల్లో తలలు పెట్టుకుని కూర్చున్నారు, చదివింది నేనొక్కదాన్నే. చదివినందుకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. సరిగ్గా అదే ఎత్తులో, అలాంటి చట్రంలోనే, ఒకప్పుడు చేవెళ్ళలో ఒక దవాఖాన గోడకు నా చేతిరాత వేలాడుతూ ఉండేది. అది గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

మా బాపు వ్యవసాయం చేసుకునే మనిషి, మా ఊరి చర్చిలో సంఘపెద్ద. ఆయనకు ఒక క్రమం ఉండేది. దేవుడినైనా మనిషినైనా ఏదైనా అడిగే ముందు అప్పటిదాకా అందిన మేలుకు స్తోత్రం చెప్పాలి, అడగడం ఆ తర్వాతే. మా చర్చిలో అందరి ప్రార్థనా అలాగే నడిచేది, ఎండిపోయిన బోరు గురించి మొరపెట్టుకోవాలన్నా పోయినేడు కురిసిన వానకు కృతజ్ఞత చెప్పి మరీ మొదలుపెట్టేవాళ్ళు. బాపు ఆ క్రమాన్ని దరఖాస్తుల్లోకి కూడా తీసుకొచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పొలాలు ఎండుతున్నాయని కరెంటు ఆఫీసుకు రాయించినా, ఇన్నేళ్ళు మా ఇళ్ళలో వెలుగు నింపినందుకు వందనాలు అంటూ సగం కాగితం నింపేవాడు. ఆయన చెప్పేవాడు, నేను రాసేదాన్ని. నేనప్పుడు చేవెళ్ళలో ఒక చిన్న ప్రైవేటు బడిలో కొత్తగా పంతులమ్మగా చేరాను, చర్చి గోడ మీద వాక్యాలు రాసేది కూడా నేనే కాబట్టి నా చేతిరాత మీద నాకు కొంచెం గర్వం ఉండేది.

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, కొత్తిమీర, పాలకూర వేసి కట్టలు కట్టి మార్కెట్టుకు పంపేది, ఒక్క పూట కూడా ఊరికే కూర్చునేది కాదు. ఆమెకు కడుపునొప్పి మొదలైనప్పుడు మమ్మల్ని దారి పట్టించినవాడు మా చిన్నాయన, అంటే బాపుకు వరుసకు తమ్ముడు. చేవెళ్ళలో ఒక సర్జన్ నడిపే ప్రైవేటు దవాఖానలో ఆయన మేనేజరు, ఇస్త్రీ చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని తిరిగేవాడు. మనోడు ఉన్నాక మనకు ఫికర్ ఏమిటని బాపు ధైర్యంగా తీసుకెళ్ళాడు. గడ్డ ఉంది, చిన్న ఆపరేషన్ అన్నారు, చిన్నాయన తెచ్చిన కాగితం మీద అవ్వ వేలిముద్ర వేసింది. ఆ కాగితంలో ఏమి రాసి ఉందో ఆయన చదివి వినిపించలేదు, మేమూ అడగలేదు, మనవాళ్ళను అట్లా అడగడం తప్పనుకునే రోజులవి.

ఇంటికి వచ్చిన వారానికి అవ్వకు మూత్రం ఆగకుండా కారడం మొదలైంది. పాత చీరలు చింపి కట్టుకునేది, ఉతికి పెరట్లో ఎవరి కంటా పడకుండా ఆరేసుకునేది. చర్చిలో ఆడవాళ్ళ చాపల మీద ముందు వరుస ఎప్పుడూ ఆమెది. ఆ ఏడు ఆమె చాప మీద కూర్చోవడం మానేసి చెప్పులు విడిచే చోట నిలబడి ఆరాధన వినేది, పాట అయిపోయేలోపే వెళ్ళిపోయేది. చేవెళ్ళలో చెబితే అదే తగ్గుతుందని పంపేశారు. పట్నంలో పెద్ద సర్కారు దవాఖానకు తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ చూసి, గర్భసంచి మొత్తం తీసేశారు కదమ్మా, మీకు చెప్పలేదా అని అడిగింది. తీస్తున్నప్పుడు మూత్రసంచికి కత్తి తగిలి ఉంటుందని, బాగుచేయవచ్చు గానీ ఏది ఎక్కడ కోశారో, ఎక్కడ కుట్టారో తెలియకుండా చేస్తే చీకట్లో తడుముకున్నట్టేనని, ఆ ఆపరేషన్ కాగితాలు అడిగి పట్టుకురమ్మని చెప్పింది. అంటే అవ్వ మళ్ళీ చాప మీద కూర్చోవాలంటే మాకు కావలసింది ఆ కాగితాలు, అంతే.

ఆ రోజు రాసిన దరఖాస్తును నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు. బాపు అలవాటు ప్రకారం చెప్పాడు, నేను అలవాటు ప్రకారం ముత్యాల్లా రాశాను. దేవుడు తమ చేతులకు ఇచ్చిన నేర్పుకు స్తోత్రం, మా ఇంటి మనిషిని తమ బిడ్డలా చూసుకున్నందుకు వందనాలు, సిస్టరమ్మలకు, ఆయమ్మలకు, మా తమ్ముడైన మేనేజరు గారికి కృతజ్ఞతలు అంటూ మొదటి కాగితం మొత్తం నిండిపోయింది. అసలు సంగతి రెండో కాగితంలోకి వెళ్ళింది. మాకు చెప్పకుండా గర్భసంచి ఎందుకు తీశారు, మూత్రం కారుతున్న సంగతి చెప్పినా ఎందుకు చూడలేదు, చీర గుడ్డలు కట్టుకుని తిరుగుతోంది, చర్చిలో కూర్చోలేకపోతోంది, ఆపరేషన్ కాగితాలు వెంటనే ఇప్పించండి అని. ప్రతి కాగితం కింద సంతకం ఉంటేనే చెల్లుతుందని ఎవరో చెప్పగా బాపు రెండింటి మీదా సంతకం పెట్టాడు, నేను గుండుసూది గుచ్చాను. నకలు ఉంచుకోవాలని, అందినట్టు ముద్ర వేయించుకోవాలని మా ఇద్దరికీ తెలియదు. చిన్నాయన దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

తర్వాత బాపు ఎన్నిసార్లు వెళ్ళినా రేపు రా అన్నా అనేవాడు చిన్నాయన. సార్ లేడు, బీరువా తాళం లేదు, రేపు రా. ఒకరోజు అవ్వ కూడా వస్తానంటే ముగ్గురం వెళ్ళాం. వరండా గోడకు, అద్దం చట్రంలో, మొదటి కాగితం వేలాడుతోంది. నా అక్షరాలు, కింద బాపు సంతకం, దాని పక్కన ఎవరో అంటించిన గులాబీ పువ్వు బొమ్మ. రెండో కాగితం లేదు, గుండుసూది పొడిచిన రంధ్రం మాత్రం మూలన అలాగే ఉంది. అవ్వకు చదువు రాదు, ఏమి రాసి ఉందని అడిగితే నేను పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, నా వైపు తిరిగింది.

"మంచిగనే రాసినవ్ బిడ్డా. గిండ్ల నా సంగతి యాడున్నది?"

ఆ తర్వాత జిల్లా అధికారులకు ఫిర్యాదు పెట్టుకున్నాం, విచారణకు ఒక ఆఫీసరు వచ్చాడు కూడా. చిన్నాయన ఆయనను నేరుగా ఆ గోడ దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాడట. ఇంత బాగా పొగిడి సంతకం పెట్టినవాళ్ళు ఇప్పుడు మాట మారుస్తున్నారని రాసుకుని ఆయన వెళ్ళిపోయాడు, ఫైలు మూసేశారు. మా చర్చి క్రమమే మా మీద సాక్ష్యం చెప్పింది. పట్నం డాక్టరమ్మ చివరికి కాగితాలు లేకుండానే రెండుసార్లు ఆపరేషన్ చేసింది, మొదటిది నిలవలేదు, రెండోదానితో సగం బాగుపడింది. అవ్వ బతికినంత కాలం చర్చిలో తలుపు పక్కనే నిలబడింది, ఆమెను పూడ్చిపెట్టిన రోజు మాత్రం చర్చిలో చాపలన్నిటికంటే ముందు పడుకోబెట్టారు.

అప్పటినుంచి నాకు ఒకటే పట్టుదల. తర్వాత గండిపేటలో ఒక కాలేజీ ఆఫీసులో గుమస్తాగా చేరాను, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను గానీ, నా అసలు ఉద్యోగం మాత్రం ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటి అరుగు మీద నడిచేది. అజీజ్‌నగర్ ఫామ్‌హౌసుల్లో వాచ్‌మన్లు, తోటపని చేసే ఆడవాళ్ళు, శంకర్‌పల్లి నుంచి కూరగాయల రైతులు, ఎవరికి దవాఖానలో అన్యాయం జరిగినా నా దగ్గరికి వచ్చేవాళ్ళు, నేను రాసేదాన్ని. నా దరఖాస్తు ఎప్పుడూ ఒక్క కాగితం దాటదు. మొదటి వాక్యంలోనే సంగతి ఉంటుంది. వందనాలు ఉండవు, స్తోత్రాలు ఉండవు, ప్రార్థన అనే మాట ఉండదు, ఇవ్వండి అని ఉంటుంది. కేసు షీటు రాతపూర్వకంగా అడగాలని, అడిగిన డెబ్బై రెండు గంటల్లో ఇచ్చి తీరాలని, నకలు మీద ముద్ర వేయించుకోవాలని, దవాఖాన వినకపోతే జిల్లా వైద్యాధికారికి, అక్కడా కాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చని ఒక్కొక్కటే తిరిగి తిరిగి తెలుసుకున్నాను. ఇదంతా సేవ అని పాస్టరుగారు పొగిడేవారు. సేవ కాదు, పగ. రాసిన ప్రతి కాగితంలోనూ ఆ సర్జన్‌నూ, ఆ చిన్నాయననూ పొడుస్తున్నట్టే ఉండేది నాకు.

ఆ దవాఖాన మూతపడింది, కానీ నా వల్ల కాదు. భూముల ధరలు పెరిగితే సర్జన్ అమ్ముకుని పట్నం వెళ్ళిపోయాడు, అక్కడిప్పుడు టైర్ల దుకాణం ఉంది. నా చేతిలో ఓడిపోకుండానే తప్పించుకున్నందుకు నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పోయిన వేసవిలో ఒకరోజు పొద్దెక్కాక, చంకలో ప్లాస్టిక్ సంచితో మా అరుగెక్కాడు చిన్నాయన. ఎనభై దగ్గర పడ్డాడు, జేబులో పెన్నులు లేవు. చిన్నమ్మకు గండిపేట వైపు ఒక పెద్ద దవాఖానలో పిత్తాశయం ఆపరేషన్ చేశారట, గాయం మానడం లేదు, వేరే డాక్టరు ఆపరేషన్ కాగితాలు తెమ్మంటున్నాడు, వీళ్ళేమో ఫైలు ఇన్సూరెన్స్ సెక్షన్‌లో ఉంది, రేపు రండి అంటున్నారు. తను పుట్టించిన మాటే తన ముందుకొచ్చి నిలబడింది. నేను సంచీ ముట్టుకోలేదు. లోపల చిన్నమ్మ మీద జాలి ఉంది, కాదనను, కానీ జాలికంటే ముందు నా నోటినుంచి వచ్చింది వేరే మాట. రేపు రాండ్రి చిన్నాయనా అన్నాను. ఆ మాట ఆయనకు అర్థమైందని ముఖం చూస్తే తెలిసింది. సంచీ చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

మర్నాడు నేను ఛాయ్ తాగకముందే వచ్చి కూర్చున్నాడు. నేను బల్ల మీద తెల్ల కాగితం, పెన్ను పెట్టి ఆయన ముందుకు జరిపాను.

"ముందు మా అవ్వ కాగితం రాయుండ్రి. చిన్నమ్మది నేను రాస్త."

ఏ కాగితమని అడగలేదు ఆయన. చట్రంలోకి ఎక్కని ఆ రెండో కాగితాన్ని నేను చెప్పసాగాను, ఒక్క అక్షరం మర్చిపోలేదు, ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం వల్లించుకున్నదే కదా. గర్భసంచి దగ్గర ఆయన చేయి ఆగలేదు. మూత్రం కారుతున్న సంగతి, చీర గుడ్డల సంగతి, చర్చిలో కూర్చోలేకపోతోందన్న వాక్యం వచ్చేసరికి పెన్ను ఆగింది.

"గిది నేను సదివిన బిడ్డా. సదివినంకనే చింపిన."

నేను ఇన్నాళ్ళు ఒక చిన్న ఊరట దాచుకున్నాను, బహుశా చదవకుండానే పారేసి ఉంటాడని, పనిలో పడి చూసుకోలేదని. అది కూడా పోయింది. ఆ క్షణాన కాగితం మీద వంగి ఉన్న ఆయనను చూసి నాకు జాలి కలగలేదని చెప్పడానికి సిగ్గుపడటం లేదు. రాయుండ్రి అన్నాను. రాశాడు. కింద సంతకం పెట్టమన్నాను, పెట్టాడు. అప్పుడు చిన్నమ్మ దరఖాస్తు రాశాను, పదకొండు వరుసలు, ముద్ర వేయించుకోవలసిన నకలుతో సహా. మూడో రోజుకు ఫైలు చేతికొచ్చింది, చిన్నమ్మ గాయం ఇప్పుడు మానింది, ఆమె నన్ను తలుచుకుని ఏడుస్తోందని విన్నాను. చిన్నాయన రాసిన కాగితం అద్దం కట్టించి, దరఖాస్తులకు వచ్చేవాళ్ళు కూర్చునే చోట, ముఖమంత ఎత్తులో వేలాడదీశాను. క్షమాపణ మీద పాస్టరుగారు ప్రసంగం చెప్పిన ప్రతిసారీ ఆ అద్దం తుడుస్తాను.

మొన్న కంటి దవాఖాన నుంచి ఇల్లు చేరకముందే ఫోనుకు సందేశం వచ్చింది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. ఇప్పుడు పొగడ్త కోసం చట్రం కట్టనక్కర లేదు, మంచం దిగకముందే వేలితో నొక్కించుకుంటున్నారు, సంగతి చెప్పుకోవడానికి మాత్రం అందులో చోటు లేదు. అక్కడి డాక్టరమ్మాయి నా కళ్ళు ఓపికగా, బాగా చూసింది, అయినా నేను ఒక్క నక్షత్రం కూడా ఇవ్వలేదు. బాపు ఉంటే నొచ్చుకునేవాడు. అందిన మేలును ముందు తలుచుకోవడం ఆయన నాకిచ్చిన మంచి అలవాటు, ఆ కాగితంతో పాటే దాన్ని కూడా చింపేశారు, ఎన్ని హక్కుల పట్టికలు వేలాడదీసినా అది తిరిగి రాలేదు. ఇప్పుడు అవ్వ కూర్చోలేకపోయిన ఆ ముందు వరుసలో నేను కూర్చుంటున్నాను. అందరూ కళ్ళు మూసుకుని స్తోత్రంతో మొదలుపెడతారు, నేను దేవుడికి కూడా ముందు మా అవ్వ సంగతే చెబుతాను.