ఇంజిన్ సన్యాసి రేడియో

మలయాలో బాగన్ దాతుక్ దగ్గరి కొబ్బరి ఎస్టేటులో ఇంజిన్ సన్యాసిని ఎరగనివాళ్ళు లేరు. ఆయిలింజనూ, అది తిప్పితే కరెంటు పుట్టించే దినామోనూ ఆయన చేతికింద ఉండేవి. అడవిలోని కమ్యూనిస్టులకీ బ్రిటిషు సర్కారుకీ పోరు ముదిరిన రోజులవి. కూలీల ఇళ్ళ వరసలు, అంటే లైన్ల చుట్టూ వేసిన ముళ్ళకంచె మీద దీపాలు వెలగాలంటే సన్యాసి ఇంజను లేపాల్సిందే.

ఒక సాయంత్రం ఆయన దీపాలు వేసిన కాసేపటికే ముగ్గురు మనుషులు ఇంజను కొట్టులోకి చొరబడ్డారు. ఇద్దరు చీనావాళ్ళు. మూడోవాడు లెచ్చుమనన్, ఆ లైన్లలోనే పుట్టి పెరిగినవాడు. సమ్మెలో పోలీసులు వీపు చిట్లగొట్టాక అడవిలోకి పోయాడు. కాపలా పోస్టు మీద పడటానికి వాళ్ళకి చీకటి కావాలి. ఇంజను ఆపమన్నారు. సన్యాసి కదల్లేదు. ఒకడు తుపాకీ మడమతో దవడ మీద కొడితే పళ్ళు ఊడి నోరంతా నెత్తురయింది. అయినా కదల్లేదు. పక్కనే ఉన్న ఇంట్లోంచి ఆయన భార్య కూర్మమ్మని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి, గొంతు మీద పరాంగ్ కత్తి ఆనించారు. అప్పుడు ఆపేశాడు.

ఎస్టేటు మీద చీకటి పడింది. చీనావాళ్ళిద్దరూ పోస్టు వైపు పరుగెత్తారు. వీళ్ళకి కాపలాగా లెచ్చుమనన్ ఉండిపోయాడు. తుపాకులు మోగాయి. పోస్టులో దెబ్బతిన్న మలాయి కానిస్టేబు ఎవరో తల్లిని పిలుస్తూ ఏడుస్తున్నాడు. సన్యాసి చేతికి పెద్ద పానా తగిలింది. లెచ్చుమనన్ ఆ ఏడుపు వైపు తల తిప్పగానే కొట్టాడు. కిందపడ్డాక మళ్ళీ కొట్టాడు. కూర్మమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని వెనక్కి లాగేదాకా కొడుతూనే ఉన్నాడు. ఆపైన హేండిలు తిప్పి ఇంజను లేపాడు. కంచె దగ్గర వెలుగులో దొరికిపోయిన ఇద్దరినీ పోలీసులు అక్కడే కాల్చేశారు.

తెల్లారాక మూడు శవాలనీ ఆఫీసు ముందు అందరూ చూసేలా పరిచారు. గుర్తు చెప్పమని లెచ్చుమనన్ తల్లి మరిడమ్మని పిలిపించారు. ముఖం మిగల్లేదు. కాలి వేళ్ళు చూసి, నా కొడుకే అంది. చంపిందెవరో లైన్లన్నిటికీ తెలుసు.

మెచ్చి, ఎస్టేటు దొర ఒక రేడియో బహుమానంగా ఇచ్చాడు. వద్దనడానికి సన్యాసికి నోరు రాలేదు. ఇంటికి తెచ్చి పెడితే పాట వినబడదు, ఒకటే చిటపట, గరగర. ఇంజను ఆగితే కరెంటు లేదు. తిరిగితే దినామో నిప్పురవ్వల చప్పుడంతా తీగ వెంట వచ్చి రేడియోలో పడుతోంది. ఆ చప్పుడులో సన్యాసికి పుర్రె చిట్లడం వినిపించేది. అమ్మేయమంది కూర్మమ్మ. ఆయన వినలేదు. ఎలాగైనా ఆ గరగర నోరు మూయించాలి.

దినామోలో మసిబారిన రాగి చుట్టుని సన్నటి గరుకు కాగితంతో రుద్దాడు, దానికి రాసుకుని అరిగిన బ్రష్షులు మార్చాడు. చప్పుడు సగం తగ్గింది. తెలుక్ ఆన్సన్ పట్నంలో రేడియోలు బాగుచేసే సుప్పయ్య ఆ చప్పుడు మింగేసే కండెన్సరు ఒకటి ఇచ్చి, దినామో రెండు కొసలకీ అడ్డంగా కట్టమన్నాడు. ఏరియల్ తీగని కరెంటు తీగకి దూరంగా లాగమన్నాడు. ఎప్పుడూ తడి ఆరని చోట రాగి రేకు పాతి, రేడియోకి ఎర్తు ఇస్తే మిగతాదీ పోతుందని చెప్పాడు.

ఇంటి వెనక కాలవగట్టున ఆ గొయ్యి తవ్వుతుంటే వెనకనుంచి మరిడమ్మ పరాంగుతో కుడి భుజం నరికింది. తిరగబోతే మోచేతి కింద ఇంకో వేటు పడింది. సన్యాసి గోతిలో కూలబడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. పరుగెత్తుకొచ్చినవాళ్ళు ఆమె చేతిలోంచి కత్తి లాక్కున్నారు.

"పాముని కొట్టినట్టు కొట్టినావురా నా కొడుకుని," అంది మరిడమ్మ.

ఆసుపత్రికి వచ్చిన పోలీసులతో, కొబ్బరికాయ కొడుతూ కత్తి మీద పడ్డానని సన్యాసి చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు, కానీ ఆయన మాట మార్చలేదు. ఆ చెయ్యి మళ్ళీ భుజం దాకా లేవలేదు. ఇంటికొచ్చేసరికి, అమ్మేయమన్న కూర్మమ్మే అదే గోతిలో రాగి రేకు పాతి మట్టి కప్పేసింది. రేడియో పెడితే మనిషి పక్కన కూచుని మాట్లాడినట్టుంది.

మెర్డేకా నాడు పొద్దున్నే దొరనడిగి ఇంజను తిప్పాడు. కౌలాలంపూర్‌లో జనం మెర్డేకా, స్వాతంత్ర్యం వచ్చిందని కేకలేస్తుంటే లైన్లవాళ్ళంతా ఆయన ఇంట్లో కిక్కిరిసి విన్నారు. కొందరు ఏడ్చారు. మరిడమ్మ కూడా వచ్చి గుమ్మం బయట కూచుంది. అందరూ వెళ్ళిపోయినా లేవలేదు.

"సచ్చేముందు ఏటైనా అన్నాడేటి, ఆడు?" అనడిగింది.

ఆ రాత్రి విన్న మాట సన్యాసి కూర్మమ్మకి కూడా చెప్పలేదు. తుపాకుల మోతలో అది ఆమెకీ వినబడలేదు. అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాడు.

"మొదటి దెబ్బకే పడినాడప్పా. నా దిక్కు తిరిగి 'మావా' అన్నాడు. నాను ఆగనేదు."

కూర్మమ్మ నీళ్ళిస్తే మరిడమ్మ సగం తాగి, మిగతావి ముఖాన చల్లుకుని, గోడ పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. సన్యాసి కూడా రమ్మని అడగలేదు.