స్కేలక్క బుట్ట

రేవులో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పంతొమ్మిదేళ్లుగా చెక్క స్కేలు చంకన పెట్టుకుని తిరుగుతోంది కాబట్టి స్కేలక్క అయింది. రోజూ పొద్దున్నే పడవకు ఇన్నని చేపలు బుట్టలో వేయించుకుని, మూతి నుంచి తోక దాకా కొలిచి, చేపల ఆఫీసు రిజిస్టరులో రాయడం ఆవిడ ఉద్యోగం. జీతం చూస్తే నవ్వొస్తుంది, చాకిరీ చూస్తే ఏడుపొస్తుంది. అయినా నాగా పెట్టిన మనిషి కాదు.

అలాంటి మనిషికి ఆ రోజు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏరు సముద్రంలో కలిసేచోట చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ వలలు ఆపించమని ఆవిడ అర్జీ పెట్టి ఏడాది దాటింది. ఇలాగే ఊడ్చుకుపోతే రేపు పడవలు ఒడ్డున కట్టేసుకోవాల్సిందేనని ఆవిడ బెంగ. ఏడాదంతా కాళ్లరిగేలా తిప్పి, చివరికి ఆఫీసరు అరకాగితం జవాబు చేతిలో పెట్టాడు.

"చేపల సైజు తగ్గినట్టు ఆధారం లేదమ్మా. పంతొమ్మిదేళ్లుగా సగటు ముప్పై సెంటీమీటర్ల దగ్గరే ఉంది."

"ఎవరు చెప్పారండీ?"

"మీరే. ఇవి మీ రిజిస్టర్లే కదా?"

స్కేలక్క ఆ కాగితం మడిచి కొంగున ముడేసుకుంది.

ఇంటికొచ్చి వంటగదిలో గిన్నెల మీద కసి తీర్చుకుంటుంటే పెనం చేతికి తగిలింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ కొలిచే ఈ రకం చేప ఒకటి కొంటే మూడు ముక్కలు చేస్తేగానీ ఇందులో పట్టేది కాదు. నిన్న అదే రకం చేపలు నాలుగు, తలా తోకా కోయకుండానే ఇందులో వేగాయి. పెనం మారలేదు, స్కేలు మారలేదు. మరి తేడా ఎక్కడొచ్చింది?

సాయంత్రం రేవులో వల ఆరబెడుతున్న తమ్ముడి దగ్గరికి వెళ్లింది. పెద్ద పడవల్లో ఒకటి వాడిదే.

"ఒరేయ్, రోజూ నా బుట్టలో చేపలు ఎలా వేస్తున్నార్రా?"

"ఎలా ఏముందక్కా, మంచివి ఏరి వేస్తాం."

"ఏరి వేస్తారా!"

"మరి? ఆఫీసు మనిషివి, మా అందరికీ అక్కవి. నీ ముందు వేలెడు పిల్లచేపలు పోస్తే మాకెంత నామోషీ! పెద్దవి పడనిరోజు పక్క పడవలో అడిగి తెచ్చి మరీ వేస్తాం. రేవంతా అంతేనక్కా."

స్కేలక్క అక్కడే తాళ్లకట్ట మీద కూలబడింది. ఉద్యోగంలో చేరిన ఏడాది చివర్లో పడవ అడుగున చేపలు పోసే గదిలోకి దిగబోయి కాలు జారింది. 'నువ్వు దిగొద్దక్కా, బుట్ట మేమే తెస్తాం' అన్నారు అందరూ. అబ్బ, ఎంత మంచివాళ్లో అని పొంగిపోయింది! బుట్టలో ఏముందో చూసింది గానీ, పడవలో ఏముందో మళ్లీ ఒక్కసారి కూడా తొంగిచూడలేదు.

"మీ మర్యాద మండిపోను! కొంప ముంచారు కదరా!" అంది. తమ్ముడి మీద కంటే తన మీదే ఒళ్లు మండుతోంది.

మర్నాడు బుట్ట తోసేసి, మోకాళ్లు మొరపెట్టుకుంటున్నా ప్రతి పడవలోకీ దిగింది. అడుగు నుంచి తీసి కొలిచింది. సగటు పదిహేడు. మధ్యాహ్నానికి ఆఫీసరు ఫోను.

"ఒక్కరోజులో ముప్పై పదిహేడు ఎలా అవుతుందమ్మా? అర్జీ నెగ్గాలని ఇలా రాస్తారా?"

ఇన్నేళ్ల తప్పును కళ్లకద్దుకున్నవాళ్లు, ఒక్కరోజు నిజానికి తనను దొంగను చేశారు.

"తప్పు చేసిన మాట నిజమేనండీ. కానీ ఇవాళ కాదు."

"అయితే పాతవన్నీ తప్పని రాసి సంతకం పెట్టండి. అప్పుడు చూద్దాం."

మర్నాడు ఆఫీసులో రిజిస్టర్లన్నీ బల్లమీద పేర్చి కూర్చుంది. వెంట వచ్చిన తమ్ముడి మొహం పాలిపోయింది.

"అక్కా, నీ బతుకంతా వీటిలోనే ఉంది కదక్కా. ఉద్యోగం కూడా పోతుందేమో."

"పోతే పోనీ. చేపలుండాలి కదరా!"

మొదటి ఏడాది రిజిస్టరు తీసి, నిన్నటి కొలతల పక్కన పెట్టింది. కాలు జారకముందు, తానే పడవల్లోకి దిగి కొలిచిన నిజమైన ముప్పైలు అవి. మిగిలిన పద్దెనిమిదీ తప్పని రాసి, కింద సంతకం పెట్టింది.